పేరు ఎవరికి గుచ్చుకుంటోంది?

(డాక్టర్ హెచ్. నరసింహయ్యగారి స్మృతిలో బాగేపల్లిలో చేసిన ఉపన్యాసానికి అచ్చు ప్రతి)



2025 జూలై 2న కర్ణాటక మంత్రివర్గం మన నందికొండ మీద సమావేశమైంది. బెంగళూరు గ్రామాంతర జిల్లాను ఇకమీదట బెంగళూరు ఉత్తర జిల్లా అనాలని, బాగేపల్లిని భాగ్యనగర అనాలని ఆ రోజు ఆమోదించింది. అప్పటి నుంచి టీ కొట్టు దగ్గర, బస్టాండులో, తాలూకాఫీసు వరండాలో ఇదే చర్చ. కన్నడ నాట ఒక తాలూకా కేంద్రానికి 'పల్లి' అని తెలుగు పేరేమిటని కొందరంటారు. తాతల నాటి పేరు తీసేస్తే మనమెవరమని కొందరంటారు. ముందు నీళ్లు తెచ్చి తర్వాత పేరు సంగతి చూడమనేవాళ్లు ఇంకొందరు. ఈ మూడు మాటలకూ వాటి వాటి కారణాలున్నాయి. కానీ ఇంకో మాట ఈ చర్చలోకి రాలేదు. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం తాలూకాల్లో నిజంగా మనిషిని చిన్నబుచ్చే పేర్లున్నాయి. అవి బోర్డుల మీదున్నాయి, రేషను కార్డుల మీదున్నాయి, బడి పిల్లల హాజరు పట్టీల్లో ఉన్నాయి. నేను మాట్లాడదలచుకున్నది వాటి గురించి.

నరసింహయ్యగారిని తలచుకునే చోట ఈ మాట ఎత్తడం తగిన పనే. 1920లో గౌరిబిదనూరు తాలూకా హొసూరులో ఒక పేద ఇంట్లో ఆయన పుట్టారు. హైస్కూలు చదువు కోసం బెంగళూరు దాకా నడిచి వెళ్లారు. 1942లో చదువు ఆపి క్విట్ ఇండియా పోరాటంలో జైలుకు వెళ్లారు. తర్వాత అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో అణుభౌతిక శాస్త్రంలో డాక్టరేటు చేశారు. తిరిగొచ్చి నేషనల్ కాలేజీ హాస్టలు గదిలోనే బతుకంతా గడిపారు. 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలరుగా ఉండి, బాబాల మహిమలను పరీక్షించడానికి కమిటీ వేశారు. దేశంలో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు ఆ బాబాల కాళ్ల దగ్గర కూర్చున్న రోజులవి. అడగకుండా దేన్నీ ఒప్పుకోవద్దని ఆయన పిల్లలకు నేర్పారు. పేర్ల విషయంలోనూ అడగవలసిన ప్రశ్నలు రెండే అని నాకనిపిస్తుంది. ఈ పేరు ఎవరికి గుచ్చుకుంటోంది? గుచ్చుకున్నవాళ్లు మార్చమని అడిగారా?

బాగేపల్లిని ఈ ప్రశ్నల ముందు నిలబెడదాం. హైదరాబాదు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్ణాటక వైపు ఇదే చివరి తాలూకా. ఇది దాటితే కొడికొండ, చిలమత్తూరు. ఇక్కడ ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో రాసేది కన్నడం. తెలుగులో గుక్క తిప్పుకోకుండా గంటసేపు మాట్లాడే మా పెద్దవాళ్లలో చాలామందికి తెలుగు అక్షరం రాదు. జమాఖర్చులు, పహణీ, పెళ్లి పత్రిక అన్నీ కన్నడంలోనే. దీన్ని ఎవరూ లోటుగా అనుకోలేదు. చింతామణి తాలూకాలో కైవార తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడారు. ఆయన పాటలు పాడేవాళ్లు ఇది ఏ భాష అని ఆగి చూసుకోరు. ఈ జిల్లాలో 'పల్లి' అనే ఊరి పక్కనే 'హళ్లి' అనే ఊరుంటుంది. రెండూళ్ల మధ్య పిల్లనిచ్చుకుంటారు, ఒకే సంతకు వెళతారు.

పేరు మార్చాలనే కన్నడ కార్యకర్తల మనసును తేలిగ్గా తీసేయకూడదు. సరిహద్దు తాలూకాల్లో కన్నడ బడులు బలహీనపడతాయేమోనని, ఉద్యోగాలు పక్క రాష్ట్రం వైపు చూస్తాయేమోనని వాళ్లకు దిగులుంది. ఆ దిగులుకు మందు మంచి కన్నడ బడి, కన్నడంలో సరిగా పనిచేసే ఆఫీసు. బాగేపల్లి అన్న పేరు ఏ కన్నడిగుణ్నీ అవమానించలేదు. దాన్లో ఏ జాతి మీదా కోపం లేదు, ఏ దుర్మార్గుడి కీర్తీ లేదు. అవమానించని పేరును అవమానంగా చూపించడం మొదలుపెడితే, ఆ పేరు పలికే మనిషి కూడా కొద్దికొద్దిగా పరాయివాడవుతాడు. నా అభ్యంతరం అక్కడుంది.

ఇందులో చట్టం మాట కూడా ఒకటుంది. ఊళ్ల పేర్లు మార్చే విషయంలో కేంద్ర హోం శాఖ 1953లోనే రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. జనానికి అలవాటైన పేర్లను గట్టి కారణం లేకుండా మార్చకండి, చరిత్రతో ముడిపడిన పేర్లను వీలైనంతవరకు కదపకండి, కేవలం స్థానికాభిమానం కోసమో భాష కోసమో మార్చకండి, కొత్త పేరు పెట్టేటప్పుడు ఆ రాష్ట్రంలోనూ పక్కనా అదే పేరుతో మరో ఊరు లేకుండా చూసుకోండి అన్నది దాని సారాంశం. ఈ చివరి షరతు మనకు సూటిగా తగులుతుంది. కొప్పళ పక్కనే భాగ్యనగర అనే ఊరుంది. ఇదే రహదారి మీద ఉత్తరానికి వెళితే హైదరాబాదుకు భాగ్యనగరమని ఇంకో పేరు ఉండనే ఉంది. బాగేపల్లి అంటే ఇదొక్కటే.

2014 నవంబరు 1న బెంగళూరుతో కలిపి పన్నెండు నగరాల పేర్లు మారినప్పుడు మనకు బాధ కలగలేదు. మైసూరు, మంగళూరు, బళ్లారి అని జనం నోట ఎప్పుడూ ఉన్న పేర్లే అవి. ఇంగ్లీషు స్పెల్లింగు వచ్చి జనం పలుకుబడితో కలిసింది, అంతే. కడపకు 2005లో జరిగిందీ ఇదే.

తెల్లవాళ్ల పేర్ల సంగతి ఇంకొంచెం చిక్కు. మార్క్ కబ్బన్ 1834 నుంచి 1861 దాకా మైసూరు కమిషనరు. మన నందికొండ మీద ఆయన కట్టుకున్న బంగళానే ఇవాళ నెహ్రూ నిలయం. బెంగళూరులో ఆయన పేరిట ఉన్న తోటను 1927లో శ్రీ చామరాజేంద్ర పార్కు అన్నారు. వందేళ్లు కావస్తున్నా జనం కబ్బన్ పార్కు అనే అంటున్నారు, మెట్రో స్టేషనూ ఆ పేరుతోనే ఉంది. గోదావరి జిల్లాల్లో కాటన్ దొరకు రైతులే పూలదండలు వేస్తారు. పరాయి పాలన తప్పని చెబుతూనే ఆ మనిషి కట్టిన ఆనకట్టను తలచుకునే హక్కు ఆ రైతులకుంది. వాళ్లకు లేని కోపాన్ని మనం వాళ్ల తరఫున తెచ్చుకోనక్కర్లేదు.

కానీ జేమ్స్ నీల్ వేరు. 1857 తిరుగుబాటులో అలహాబాదు చుట్టుపక్కల సామాన్య జనాన్ని ఊచకోత కోయించిన సైనికాధికారి అతను. మద్రాసు మౌంట్ రోడ్డులో అతని విగ్రహం నిలబెట్టారు. 1927లో దాన్ని తీసేయమని యువకులు సత్యాగ్రహం చేసి జైళ్లకు వెళ్లారు. పదేళ్ల తర్వాత, 1937లో, రాజాజీ ప్రభుత్వం దాన్ని రోడ్డు మీద నుంచి తీయించి మ్యూజియానికి పంపింది. ఇంత సబబైన పని పేర్ల చరిత్రలో నాకు ఇంకొకటి కనిపించదు. పగలగొట్టలేదు, పాతిపెట్టలేదు. గౌరవం తీసేశారు, సాక్ష్యం ఉంచారు.

అదే మద్రాసుకు 1687 నుంచి 1692 వరకు గవర్నరుగా ఉన్న ఎలిహు యేల్ పేరు మీద అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం ఉంది. అతని పాలనలో కోరమాండల్ తీరం నుంచి మనుషుల్ని ఓడలకెక్కించి బానిసలుగా పంపారు. ఆ తీరం మనదే, ఆ మనుషుల్లో మనవాళ్లు లేరని ఎవరూ అనలేరు. 2017లో ఆ విశ్వవిద్యాలయం తన ఆవరణలోని కాల్హూన్ కాలేజీ పేరును గ్రేస్ హాపర్ కాలేజీగా మార్చింది. జాన్ కాల్హూన్ బానిసత్వం మేలైన వ్యవస్థ అని వాదించిన రాజకీయ నాయకుడు. హాపర్ కంప్యూటరు శాస్త్రవేత్త, అక్కడే చదివిన మహిళ. మార్చే ముందు వాళ్లు ఒక కమిటీ వేసుకుని కొన్ని సూత్రాలు రాసుకున్నారు. ఆ మనిషి జీవితంలో ముఖ్యమైన పని ఏది, అది ఈ సంస్థ ఆశయానికి ఎదురు తిరుగుతోందా, అతని కాలంలోనే దాన్ని తప్పన్నవాళ్లున్నారా అని అడిగారు. కాల్హూన్ పేరు పోయింది, యేల్ పేరు నిలిచింది. ఆ రెండో నిర్ణయం నాకు పూర్తిగా రుచించదు. కాల్హూన్ బాధితుల వారసులు ఆ తరగతి గదుల్లో కూర్చుని అడిగారు కాబట్టి అడిగినంత మేరకు జరిగింది. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్ల వారసులు అడగడానికి అక్కడ లేరు.

ఇక మన వీధుల్లోకి వద్దాం. ఏ ఊరికి వెళ్లినా ఒక పక్కన కొన్ని ఇళ్లు ఊరితో కలవకుండా ఉంటాయి. ఆ చోటుకు హరిజన కాలని అని పేరు. కొన్నిచోట్ల ఎస్సీ కాలని. ఇంకొన్నిచోట్ల కులం పేరు పెట్టి దాని పక్కన గేరి అనో హట్టి అనో అంటారు. బెంగళూరులో బ్యాంకు కాలనీలో ఇల్లుందంటే గొప్ప. ఇక్కడ కాలని నుంచి వచ్చానంటే అవతలివాడు చెంబుతో నీళ్లు ఎత్తి పోస్తాడా, గ్లాసు చేతికిస్తాడా అని చూడాలి. ఆ పిల్లవాడు కాలేజీలో చేరేటప్పుడు, బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడు, బెంగళూరులో అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ఆధార్ కార్డు చూపిస్తాడు. కులం అడగవలసిన పనే లేదు, చిరునామా చెప్పేస్తుంది.

హరిజన అన్న పేరు పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. గాంధీగారు దాన్ని ప్రేమతో వాడారు, 1933లో ఆ పేరుతో పత్రిక పెట్టారు. కానీ ఆ పేరు ఎవరికి పెట్టారో వాళ్లు ఏమన్నారు? 1938 జనవరిలో బొంబాయి శాసనసభలో ఒక చట్టంలో ఆ మాట చేర్చినప్పుడు అంబేడ్కరు, ఆయన పార్టీ సభ్యులు నిరసనగా సభ నుంచి బయటికి నడిచారు. మాకు పేరు మీరు నిర్ణయించొద్దని వాళ్లు చెప్పారు. 1982లో కేంద్ర ప్రభుత్వం కుల ధ్రువపత్రాల్లో ఆ మాట వాడొద్దని ఆదేశించింది. అది జరిగి నలభై ఏళ్లు దాటింది. మన పంచాయితీ బోర్డులు ఇంకా వినలేదు. కేరళ 2024 జూన్‌లో దళిత, ఆదివాసీ నివాసాలకు కాలనీ అన్న మాట తీసేయాలని ఉత్తర్వు ఇచ్చింది. తమిళనాడు 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వ రికార్డుల నుంచి ఆ మాట తొలగిస్తామని శాసనసభలో చెప్పింది. మనకు పొరుగున జరిగిన పనులివి.

పేరు మారితే కులం పోతుందా అని అడుగుతారు. పోదు. హరిజన కాలనికి అంబేడ్కర్ నగర్ అని పేరు పెట్టిన ఊళ్లు చాలా ఉన్నాయి. ఇవాళ అంబేడ్కర్ నగర్ అన్నా ఊరందరికీ అది ఎవరి వీధో తెలిసిపోతుంది. రాజ్యాంగాన్ని రాసిన మనిషి పేరును ఊరవతలి వీధికి కట్టేసి, మేం గౌరవించామని ఊరు చేతులు దులుపుకుంటుంది. ఆయన పేరు ఊరి మధ్యకు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూడండి.

2022 మే 24న అమలాపురం తగలబడింది. కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అని పేరు పెట్టాలని ప్రభుత్వం ప్రకటించడమే కారణం. ఒక మంత్రి ఇంటికి, ఒక ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. కోనసీమ పేరు తీసేయలేదు, దాని ముందు ఇంకొకటి చేర్చారు, అంతే. అదే సీమలో పేటలకు ఆ పేరు ఎన్నో ఏళ్లుగా ఉంది, ఎవరికీ కోపం రాలేదు. తమిళనాడులో 1997లో ఒక బస్సు సంస్థకు దళిత వీరుడు సుందరలింగం పేరు పెడితే ఆ బస్సు ఎక్కేది లేదని కొందరన్నారు. గొడవలు చెలరేగి చివరికి ప్రభుత్వం అన్ని బస్సు సంస్థల నుంచీ, జిల్లాల నుంచీ నాయకుల పేర్లన్నీ తీసేసింది. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు చేర్చాలని మహారాష్ట్ర శాసనసభ 1978లో తీర్మానిస్తే దళిత బస్తీలు కాలాయి. ఆ తీర్మానం అమలు కావడానికి 1994 జనవరి 14 దాకా, దాదాపు పదహారేళ్లు పట్టింది.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. ఊరవతలి వీధికి ఏ పేరున్నా ఎదుటివాడికి పట్టదు. తన డిగ్రీ పట్టా మీద, తన బస్సు టిక్కెట్టు మీద, తన జిల్లా బోర్డు మీద ఆ పేరు రాయాలంటేనే చెయ్యి వణుకుతుంది. అందుకే కాలని పేరు మార్చి ఊరుకుంటే సగం పనే అవుతుంది. బస్టాండుకు, తాలూకా ఆసుపత్రికి, అందరి పిల్లలూ చదివే కాలేజీకి ఆ పేర్లు రావాలి. హైదరాబాదు కోఠిలో బ్రిటిష్ రెసిడెంటు కర్క్‌పాట్రిక్ కోసం కట్టిన మేడ ఉంది. ఆ ఆవరణలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంట, తన భూమి కాపాడుకున్న రజక స్త్రీ ఆమె. చిన్నచూపుగా పలికిన కులం పేరే ఇప్పుడు ఆ అమ్మాయిల పట్టాల మీద గౌరవంగా అచ్చవుతుంది.

ప్రభుత్వం మారినప్పుడల్లా సంస్థ పేరు మార్చే అలవాటుకు దీనితో సంబంధం లేదు. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు తెచ్చారు. అక్కడ చదివిన డాక్టరుకు ఇద్దరిలో ఎవరి పేరూ అవమానం కాదు. దాని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

ఇంకొక రకం పేరుంది, దాని గురించి మాట్లాడకపోతే ఈ నేల మీద నిలబడి ఈ ఉపన్యాసం చేసే అర్హత నాకుండదు. చింతామణి తాలూకా కంబాలపల్లి. 2000 మార్చి 11న ఆ ఊళ్లో ఏడుగురు దళితుల్ని సజీవంగా తగలబెట్టారు. కోర్టులో సాక్షులు మాట మార్చారు. 2006లో నిందితులందరూ నిర్దోషులుగా బయటపడ్డారు, 2014లో హైకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఏడుగురు చనిపోయారు, చంపినవాళ్లు మాత్రం లెక్కలో లేరు. ఇలాంటి ఊరి పేరు మార్చేస్తే మచ్చ పోతుందనుకోవడం సహజం. ఆ ఊరివాళ్లు, పెళ్లి సంబంధాలకు వెళ్లినా అదే అడుగుతున్నారని బాధపడితే నేను అర్థం చేసుకోగలను. కానీ ఆ పేరు మార్చకూడదు. నేరం చేసింది పేరు కాదు. శిక్ష పడని చోట ఆ పేరొక్కటే మిగిలిన సాక్షి, దాన్నీ మాట మార్చమనడం అన్యాయం. ఇదే జిల్లాలో గౌరిబిదనూరు దగ్గర విదురాశ్వత్థంలో 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ పేరు వినగానే మనకు ఆ చావులు గుర్తొస్తాయి. గుర్తు రావాలనే అక్కడ స్మారకం కట్టుకున్నాం. కంబాలపల్లి పేరు కూడా మన పిల్లల పాఠాల్లో అలాగే ఉండాలి.

ఇప్పుడు చేయవలసిన పని గురించి నాలుగు మాటలు. కాలని పేరు ఏమిటో ఊరి పెద్దలు తేల్చకూడదు, ఎమ్మెల్యే తేల్చకూడదు, నాలాంటి ఉపన్యాసకులూ తేల్చకూడదు. మన పంచాయితీరాజ్ చట్టంలో వార్డు సభ ఉంది. ఆ వీధిలో ఉండేవాళ్ల వార్డు సభ ఆ వీధిలోనే జరగాలి, ఆడవాళ్లు కూలికి వెళ్లే వేళ కాకుండా సాయంత్రం జరగాలి. వాళ్లు పేరు చెప్పాలి. గ్రామ సభ దాన్ని అలాగే ఒప్పుకోవాలి, దిద్దకూడదు. పాత పేరు రికార్డులో ఒక మూల ఉండాలి, నీల్ విగ్రహం మ్యూజియంలో ఉన్నట్టు. బోర్డు మీద, కార్డు మీద మాత్రం ఉండకూడదు.

ఆ తర్వాత రేషను కార్డు, ఆధార్, ఓటరు కార్డు, కుల ధ్రువపత్రం, పహణీ, బ్యాంకు పుస్తకం అన్నిటిలో పేరు మారాలి. ఒక్కో కార్డుకు ఒక్కో రోజు కూలి పోగొట్టుకుని ఆ మనిషి తాలూకాఫీసు చుట్టూ తిరిగితే మనం చేసింది మేలు కాదు. ఆఫీసే యంత్రం పట్టుకుని ఆ వీధికి రావాలి. మన కాలేజీల్లో కంప్యూటరు తెలిసిన పిల్లలున్నారు, దరఖాస్తులు నింపడానికి సెలవుల్లో వాళ్లు వస్తే పని వారాల్లో అయిపోతుంది. ఈ సభలో ఉన్న పంచాయితీ సభ్యులను నేను చేతులు జోడించి అడుగుతున్నాను. వచ్చే వార్డు సభ ఎజెండాలో ఈ అంశం చేర్చండి.

బాగేపల్లికీ ఇదే పద్ధతి కావాలంటాను. పురసభ వార్డుల్లో జనాన్ని కూర్చోబెట్టి అడగండి, కన్నడం ఇంటి భాష అయినవాళ్లనూ, తెలుగు ఇంటి భాష అయినవాళ్లనూ, ఉర్దూ ఇంటి భాష అయినవాళ్లనూ. భాగ్యనగర కావాలని వాళ్లు అంటే మరునాటి నుంచి నా ఉత్తరాల మీద ఆ పేరే రాస్తాను. అడగకుండా మారిస్తే మాత్రం బాగేపల్లి అనే రాస్తాను.